పెట్రీ జాలకములు: పుట్టుక, ప్రయోజనము

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, సముద్రతీరమునకు చేరువలో పరవాడ కలదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఇది ఒక మండల కేంద్రము. ఇచ్చట రెండు విధములైన పరిశ్రమలు ప్రక్కప్రక్కనే వెలసినవి. ఒకటి సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము. ఒక్కొక్కటి 500 మెగావాట్ల సామర్థ్యము గల నాలుగు యూనిట్లు దానిలో ఉన్నవి. మొదటి రెండును 2002లోను, తక్కినవి 2011, 2012 సంవత్సరములలోను పనిలోనికి వచ్చినవి. రెండవది జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ. మందుబిళ్లలలో చేరు అసలు మందును, దానికి పూర్వదశలలోని రసాయనములను తయారుచేయు కర్మాగారములు అనేకము అచ్చట ఉన్నవి.

బయటినుండి చూచువారికి రెండును గొట్టములు, తొట్లు, పొగగొట్టములే. కాని వాటిని నడుపు తీరులో పెద్ద భేదము కలదు. విద్యుత్కేంద్రము ఒకసారి నడక అందుకొన్న పిదప రాత్రింబవళ్లు ఒకే విధమున సాగును. 500 మెగావాట్ల బాయిలరు పూర్తి భారముతో నడుచునప్పుడు గంటకు 300 టన్నులకు పైగా బొగ్గు తినును. ఆవిరి పీడనము కొంచెము తగ్గినచో బొగ్గును కొంచెము పెంచుదురు, హెచ్చినచో తగ్గింతురు. అచ్చటి ప్రశ్న ఎల్లప్పుడును "ఎంత?" అన్నదే.

మందుల కర్మాగారము వంటింటిని పోలినది. ఒక రియాక్టరులో సాల్వెంటు పోయుదురు, కలియబెట్టుదురు, వేడి చేయుదురు, రెండవ పదార్థమును మెల్లమెల్లగా వదలుదురు, చల్లార్చుదురు, స్ఫటికములు ఏర్పడిన పిదప సెంట్రిఫ్యూజులోనికి దింపుదురు. అంతటితో ఒక బ్యాచి ముగియును; రియాక్టరును కడిగి మరియొకటి మొదలుపెట్టుదురు. ఇచ్చట "ఎంత?" అన్న ప్రశ్నకంటె "ఏది ముందు? ఏది తరువాత? ఏది జరుగుచుండగా ఏది జరుగరాదు?" అన్న ప్రశ్నలు ముఖ్యములు. పప్పు ఉడుకకముందే చింతపండు పులుసు పోసినచో అది ఇక సరిగా ఉడుకదని వంట తెలిసిన వారందరును ఎరుగుదురు. పులుసు కొలత తప్పకపోయినను వరుస తప్పినది. వంటింట వరుస తప్పినచో ఒక పూట భోజనము చెడును. రియాక్టరు దగ్గర తప్పినచో ప్రాణములే పోవచ్చును.

మొదటి విధమైన నియంత్రణమునకు గణితము చాలకాలము క్రిందటనే దొరికినది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరియంత్రమునకు తిరుగు గుండ్లతో వేగనియంత్రకమును అమర్చెను. 1868లో మాక్స్‌వెల్ అట్టి నియంత్రకముల చలనమును సమీకరణములలో వ్రాసి చూపెను. క్షణక్షణము కొద్దికొద్దిగా మారు రాశులకు కలనగణితము చక్కగా సరిపోవును. కాని "వాల్వు తెరచుకొన్నది", "తొట్టి నిండినది", "బ్యాచి ముగిసినది" అను మార్పులు కొద్దికొద్దిగా వచ్చునవి కావు; ఒక్కమారుగా జరుగును. వీటిని సంఘటనలు అనవచ్చును. సంఘటనలతో నడుచు యంత్రములు కొత్తవి కావు. 19వ శతాబ్దారంభమున జకార్డ్ మగ్గము చిల్లుల అట్టలను అనుసరించి నేతపని చేసెను. అయితే వాటిని గురించి ఆలోచించుటకు తగిన గణితము మాత్రము చాలకాలము లేకపోయెను.

1937లో అమెరికా విద్యార్థి క్లాడ్ షానన్ తన సిద్ధాంత వ్యాసములో, రిలేలతో కూడిన విద్యుద్వలయములను బూల్ బీజగణితముతో లెక్కించవచ్చునని చూపెను. అది గొప్ప అడుగే. 1950 తరువాత మీలీ, మూర్ అను వారు యంత్రము యొక్క ప్రతి స్థితికి ఒక వృత్తము, ప్రతి మార్పునకు ఒక బాణము గీసి, యంత్రప్రవర్తనను పటముగా చూపు పద్ధతిని స్థిరపరచిరి. చుక్కలు, వాటిని కలుపు గీతలు గల ఇట్టి పటమును గణితజ్ఞులు గ్రాఫు అందురు. కోనిగ్స్‌బర్గు నగరమందలి ఏడు వంతెనలను, దేనిని రెండుమార్లు దాటకుండ, అన్నిటిని దాటి రావచ్చునా అను సమస్యను ఆయిలర్ 1736లో విడదీసినప్పటినుండి ఈ శాస్త్రము పెరుగుచు వచ్చినది.

ఒక్క యంత్రమునకైతే స్థితిపటము చాలును. పది యంత్రములు ఒకేసారి పనిచేయుచున్నచో చిక్కు వచ్చును. ఒక్కొక్క రియాక్టరునకు పది స్థితులున్నవనుకొనిన, పది రియాక్టర్లు కలిసి ఉండదగిన స్థితులు 10ని పదిమార్లు హెచ్చవేసినన్ని, అనగా వెయ్యి కోట్లు. వెయ్యి కోట్ల వృత్తములు ఏ కాగితముమీద గీయగలరు? పైగా ఆ పది రియాక్టర్లలో చాలవరకు ఒకదానితో నొకటి సంబంధము లేకయే నడుచుచుండును. సంబంధము లేనివాటిని గూడ కలిపి ఒకే స్థితిగా లెక్కించుటవలననే ఈ కొండ పెరిగినది.

ఈ కొండను తప్పించుకొను దారిని చూపినవాడు కార్ల్ ఆడమ్ పెట్రీ. ఇతడు 1926 జూలై 12న జర్మనీలోని లైప్జిగ్‌లో జన్మించెను. వృత్తములు, చదరములు, బాణములతో కూడిన తన పటమును 1939లో, పదమూడేండ్ల వయస్సున, రసాయనచర్యలను గుర్తుంచుకొనుటకై మొదట గీచుకొంటినని పెట్రీ తరువాతి కాలమున చెప్పెను. బాల్యమున గీచుకొన్న బొమ్మకును, తరువాతి సిద్ధాంతమునకును నడుమ యుద్ధము, సైనికసేవ, ఇంగ్లండులో నిర్బంధము, ఆలస్యముగా సాగిన చదువు ఉన్నవి. 1962లో డార్మ్‌ష్టాట్ సాంకేతిక ఉన్నత విద్యాలయము ఆయన సిద్ధాంత వ్యాసమును ఆమోదించెను. స్వయంచాలక యంత్రములతో వార్తావినిమయము అన్నది దాని విషయము. చిత్రమేమనగా, నేడు ఆయన పేరుతో ప్రసిద్ధమైన బొమ్మలు ఆ వ్యాసములో లేవు. అందున్నది ఒక వాదము.

ఆ వాదము భౌతికశాస్త్రము చదువుకొన్నవారికి సులభముగా బోధపడును. ఆనాటి గణనయంత్రములలో పెక్కింటికి ఒక గడియారము ఉండెడిది. అది టిక్కుమన్నప్పుడెల్ల యంత్రములోని అన్ని భాగములును ఒక్కసారిగా ఒక అడుగు వేయును. యంత్రమును పెంచుకొనుచు పోయినచో గడియారపు సంకేతము దూరపు భాగములకు చేరుటకు ఎక్కువ కాలము పట్టును. సంకేతము వెలుగుకంటె వేగముగా పోజాలదు గదా! కాబట్టి ఎంతైనను పెరుగగల యంత్రమునకు ఒకే గడియారము పొసగదు. ప్రతి భాగము తన ఇరుగుపొరుగులను మాత్రమే చూచి, తనకు కావలసినవి సమకూడినప్పుడు పనిచేయవలెను. "ప్రపంచమంతటి స్థితి ఇప్పుడు ఏమి?" అన్న ప్రశ్ననే పెట్రీ ప్రక్కకు నెట్టెను. ఈ ఒక్క ఆలోచనయే ఆయన సిద్ధాంతమునకు ప్రాణము.

1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలో అనటోల్ హోల్ట్, ఆయన సహచరులు ఈ వ్యాసమును చదివి, బొమ్మల రూపమున వ్యాప్తిలోనికి తెచ్చిరి. పెట్రీ జాలకము అన్న పేరు అప్పటినుండి స్థిరపడినది. ప్రపంచపు తొలి గణనయంత్రములలో ఒకదానిని నిర్మించిన కొన్రాడ్ సూజె గూడ ముదిమిలో దీనికి ఆకర్షితుడై, 1980లో ఇంజనీరు దృష్టితో పెట్రీ జాలకములను గురించి ఒక పుస్తకము వ్రాసెను.

జాలకమునకు కావలసిన వస్తువులు నాలుగే. వృత్తములు; వీటిని స్థానములు అందము. చిన్న గీతలు లేక చదరములు, ఇవి సంఘటనలు. రెంటిని కలుపు బాణములు. స్థానములలో ఉంచు బిళ్లలు. ఒక సంఘటనలోనికి ఏ స్థానములనుండి బాణములు వచ్చుచున్నవో వాటన్నిటియందును బిళ్ల యున్నప్పుడే ఆ సంఘటన జరుగవచ్చును. జరిగినప్పుడు ఆ స్థానములనుండి ఒక్కొక్క బిళ్ల పోవును. బాణములు చేరు స్థానములలో ఒక్కొక్క బిళ్ల వచ్చి చేరును. ఇంతే. రసాయనచర్యతో దీనికిగల పోలిక స్పష్టము. హైడ్రోజన్ స్థానమునుండి రెండు, ఆక్సిజన్ స్థానమునుండి ఒకటి తీసికొని, నీటి స్థానములో రెండు ఉంచునది ఒక సంఘటన. పదమూడేండ్ల బాలునికి తోచినది బహుశః ఇట్టిదే కావచ్చును.

బిళ్ల అను భావము మన దేశపు రైలువారికి కొత్త కాదు. ఒంటిదారిపై రెండు స్టేషనుల నడుమ ఒకేసారి రెండు బండ్లు పోకుండ, టోకెను యంత్రములోనుండి ఒక గోళమును తీసి డ్రైవరునకు ఇచ్చెడివారు. కడియమునకు కట్టిన సంచిలో ఆ గోళము బండితో పోవును. అది అవతలి స్టేషనులోని యంత్రమున పడువరకు రెండవ గోళము బయటికి రాదు. బండ్ల వేళలు ఏమైనను కానిండు, గోళము ఉన్నవానికే దారి. పెట్రీ జాలకములోని బిళ్ల సరిగా ఇట్టిదే.

ఇప్పుడు ఒక ఉదాహరణమును తీసికొందము. ఇది ఏ ఒక్క కర్మాగారమునకు చెందినది కాదు. విద్యార్థులు కాగితముపై గీచి, చింతపిక్కలతో ఆడి చూడదగినది. రెండు రియాక్టర్లు, అ, ఆ అనుకొనుడు. రెంటికిని కలిపి సాల్వెంటు కొలతొట్టి ఒకటే. వెలువడు విషవాయువులను కడిగి శుద్ధిచేయు స్క్రబ్బరు ఒకటే. పని జరుగుటకు ప్రతి రియాక్టరునకు రెండును కావలెను. అ-రియాక్టరు పని వ్రాసినవారు మొదట కొలతొట్టిని పట్టుకొని, తరువాత స్క్రబ్బరును కోరునట్లు వ్రాసిరి. ఆ-రియాక్టరు పని వ్రాసినవారు మొదట స్క్రబ్బరును, తరువాత కొలతొట్టిని అని వ్రాసిరి. విడివిడిగా చూచిన రెండును నిర్దోషములే.

ప్రతి రియాక్టరునకు మూడు స్థానములు గీయుడు: ఖాళీ, ఒకటి పట్టినది, రెండును పట్టి పనిచేయుచున్నది. మరి రెండు స్థానములు: కొలతొట్టి విడిగా ఉన్నది, స్క్రబ్బరు విడిగా ఉన్నది. మొత్తము ఎనిమిది స్థానములు, ఆరు సంఘటనలు. మొదట రెండు ఖాళీ స్థానములలోను, రెండు సామగ్రి స్థానములలోను ఒక్కొక్క బిళ్ల ఉంచుడు. రెండు రియాక్టర్ల స్థితులను జతపరచిన 3×3, అనగా తొమ్మిది విధములు కావలెను. కాని ఆడి చూచినచో ఆరే వచ్చును. తక్కిన మూడింటిలో ఒకే కొలతొట్టి గాని, ఒకే స్క్రబ్బరు గాని ఇద్దరి చేతిలో ఉండవలసి వచ్చును.

ఆ మూడును ఎన్నటికి రావని ఆడకుండగనే చెప్పవచ్చును. కొలతొట్టి స్థానములోని బిళ్ల, అ "ఒకటి పట్టిన" బిళ్ల, అ "పనిచేయుచున్న" బిళ్ల, ఆ "పనిచేయుచున్న" బిళ్ల, ఈ నాలుగింటిని కూడిన మొత్తము మొదట 1. ఏ సంఘటన జరిగినను ఆ మొత్తము 1గానే ఉండును, ఏలయనగా ఒకచోట పోయిన బిళ్ల మరియొకచోట చేరుచున్నది. స్క్రబ్బరునకును ఇట్టి మొత్తము ఒకటి కలదు. మారని ఈ మొత్తములను వెదకుట ఏకఘాత సమీకరణముల లెక్క. హైస్కూలు బీజగణితమే, కొంచెము పెద్ద యెత్తున. వేలకొలది స్థితులను ఒక్కొక్కటిగా చూడనక్కరలేకయే, "ఇద్దరు ఒకేసారి పట్టుట అసంభవము" అని నిరూపించవచ్చునన్నమాట. పెట్రీ పద్ధతి యొక్క బలము బొమ్మలోకంటె ఇచ్చటనే ఎక్కువ ఉన్నది.

ఇక వచ్చు ఆరు స్థితులలో ఒకటి వింతయైనది. అ కొలతొట్టిని పట్టినది. అదే సమయమున ఆ స్క్రబ్బరును పట్టినది. అ స్క్రబ్బరు కొరకు, ఆ కొలతొట్టి కొరకు వేచియున్నవి. ఆరు సంఘటనలలో ఒకటియు జరుగుటకు వీలులేదు. దీనిని ప్రతిష్టంభన అందురు. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చిన రెండు బండ్లు "నీవు వెనుకకు పో" అని నిలిచిపోయినట్టిది. వాల్వు పాడు కాలేదు, మోటారు కాలలేదు, మనిషి పొరపాటు చేయలేదు. అయినను పని ఆగినది. కర్మాగారము నెలల తరబడి చక్కగా నడచి, ఒకనాడు రెండు బ్యాచిలు కొన్ని క్షణముల తేడాతో ఎదురుపడినప్పుడే ఇది బయటపడును. రియాక్టరులో అప్పటికే చర్య మొదలై, చల్లార్చుటకు సాల్వెంటు కావలసియున్నచో ఆ నిరీక్షణ ప్రమాదకరము.

మందు సులభము. ఇద్దరును మొదట కొలతొట్టిని, తరువాతనే స్క్రబ్బరును కోరునట్లు ఆ-రియాక్టరు వరుసను మార్చినచో చాలును. అప్పుడు వచ్చు స్థితులు అయిదే, ప్రతిష్టంభన మాయమగును. రెండు బాణముల మార్పు. కాని ఆ మార్పు అవసరమని యంత్రములు తిరుగకముందే కాగితముమీద తెలిసినది.

చిన్న జాలకములో ఇది చేతితో చేయవచ్చును. పెద్దవాటి మాట ఏమి? ఇచ్చట "ఒక దుష్టస్థితిని ఈ జాలకము ఎన్నడైన చేరగలదా?" అన్న ప్రశ్న పుట్టును. దీనినే ప్రాప్యతా సమస్య అందురు. స్థానములలో బిళ్లల సంఖ్యకు హద్దున్నప్పుడు స్థితులు పరిమితములు. ఓపిక యున్న గణనయంత్రము అన్నిటిని చూచి చెప్పగలదు. హద్దు లేనప్పుడు, ఉదాహరణకు గిడ్డంగిలో పీపాలు ఎన్నియైన చేరవచ్చునన్నప్పుడు, స్థితులు అనంతములు. అన్నిటిని చూచుట అసాధ్యము. 1969లో కార్ప్, మిల్లర్ అను ఇద్దరు అనంతమైన ఆ వృక్షమును పరిమితముగా ముడిచి, ఏ స్థానములో బిళ్లలు హద్దులేక పెరుగునో కనుగొను పద్ధతిని ఇచ్చిరి. కాని "సరిగా ఈ స్థితినే చేరునా?" అన్నది తేలలేదు. 1977లో వెలువడిన ఒక నిరూపణము అసంపూర్ణమని తేలెను. 1981లో ఎర్న్‌స్ట్ మేయర్ ఒక నిరూపణమును ప్రకటించెను. అది అతి జటిలము. మరుసటి యేడు, 1982లో, దానిని సరళపరచి క్రొత్త నిరూపణమును ఇచ్చినవాడు కొసరాజు సాంబశివరావు.

తెలుగు పాఠకులకు ఈ పేరు ఎక్కువగా తెలియకపోవుట విచారకరము. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగు పట్టభద్రుడు. తరువాత ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లోను, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములోను చదివి, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడయ్యెను. ఏ పెట్రీ జాలకమునకైనను, ఏ స్థితికైనను, చేరునో చేరదో పరిమితమైన అడుగులలో తేల్చు పద్ధతి కలదని ఆ నిరూపణము చెప్పును. పరవాడకు పొరుగున ఉన్న విశాఖలోని విశ్వవిద్యాలయపు పట్టము పొందిన వ్యక్తి, పరవాడ రియాక్టర్ల వంటివాటికి వర్తించు మూలప్రశ్నకు సమాధానము చెప్పుట ముచ్చటయైన సంగతి.

ఇంజనీరింగు విద్యార్థులు కొసరాజు పేరును మరియొక సందర్భమున వినుచుందురు. గ్రాఫులో ఏ చుక్కనుండి ఏ చుక్కకైనను పోయి తిరిగి రాగల గుంపులను, గ్రాఫును రెండుమార్లు నడచి విడదీయు పద్ధతి ఆయన 1978లో చెప్పినది. పై ఉదాహరణమునకు దానిని వర్తింపజేయుడు. ఆరు స్థితులలో అయిదు ఒక గుంపు. ప్రతిష్టంభన ఒక్కటి వేరు గుంపు. అయిదింటినుండి దానిలోనికి దారి కలదు, దానినుండి తిరిగివచ్చు దారి లేదు. గోతి ఎచ్చటనున్నదో గ్రాఫే చూపుచున్నది.

అయితే "పద్ధతి కలదు" అన్నంతమాత్రమున "త్వరగా తేలును" అని అర్థము కాదు. హద్దులేని జాలకముల విషయమున ఈ ప్రశ్నకు పట్టు కాలము ఊహకు అందనంత వేగముగా పెరుగునని 2021లో పరిశోధకులు నిరూపించిరి. కాబట్టి కర్మాగారములకు జాలకములను గీయువారు వాటిని హద్దులలో ఉంచుకొని, మారని మొత్తముల వంటి దగ్గరిదారులను వెదకుదురు.

సిద్ధాంతము ఇట్లు పెరుగుచుండగా కర్మాగారములలో వేరొక మార్పు వచ్చినది. అంతవరకు సంఘటనల వరుసను నడిపినవి రిలేలతో నిండిన ఇనుప బీరువాలు. ఉత్పత్తిలో చిన్నమార్పు వచ్చినను తీగెలన్నిటిని విప్పి మరల కట్టవలసి వచ్చెడిది. 1968లో అమెరికా మోటారు పరిశ్రమ ఈ బాధ పోగొట్టు పరికరమును కోరగా, రిచర్డ్ మోర్లీ, ఆయన సహచరులు క్రమణిక మార్చదగు నియంత్రకమును రూపొందించిరి. మోడికాన్ 084 అని దానికి పేరు. ఆ సంస్థ చేపట్టిన 84వ పని కావడమే ఆ సంఖ్యకు కారణము. పి.ఎల్.సి. అని నేడు ప్రతి ఎలక్ట్రీషియను పిలుచునది దీని సంతతియే. రిలే పటములకు అలవాటుపడినవారి కొరకు నిచ్చెన ఆకారపు పటములతోనే దానికి పని చెప్పుట ఆచారమయ్యెను. చిన్న పనికి నిచ్చెన మంచిదే. నూరు మెట్ల నిచ్చెనలో ఏ మెట్టు ఎప్పుడు పనిచేయునో, వ్రాసినవానికి తప్ప ఇతరులకు తెలియుట కష్టము. ఒక్కొక్కప్పుడు వ్రాసినవానికిని తెలియదు.

ఈ చిక్కును ఫ్రాన్సుదేశపువారు గుర్తించిరి. 1975లో అచ్చటి ఆఫ్సెట్ అను శాస్త్రసంఘము, విశ్వవిద్యాలయములవారిని పరిశ్రమలవారిని కలిపి ఒక బృందమును ఏర్పరచెను. 1977లో ఆ బృందము గ్రాఫ్సెట్ అను పటభాషను ప్రకటించెను. ఇది పెట్రీ జాలకపు బిడ్డ. వృత్తములకు మారుగా చదరములు. ఒక్కొక్కటి ఒక మెట్టు. మొదటి మెట్టునకు జంటగీతల చదరము. మెట్టునకు మెట్టునకు నడుమ అడ్డుగీత, దాని ప్రక్కన "తొట్టి నిండినది", "ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటినది" వంటి షరతు. ఒకేసారి రెండు పనులు సాగవలెనన్నచో జంట అడ్డగీతలు. తల్లికిని బిడ్డకును భేదమేమనగా, ఇచ్చట మెట్టులో ఒక బిళ్లయే ఉండును లేదా ఉండదు. జరుగుటకు వీలైన సంఘటనలన్నియు ఒకేసారి జరిగితీరవలెను. యంత్రమును నడుపువానికి సందిగ్ధము పనికిరాదు గదా! 1988లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘము దీనిని ప్రమాణముగా అంగీకరించెను. 1993లో అదే సంఘము నియంత్రకముల భాషలకు వెలువరించిన ప్రమాణములో ఇట్టి మెట్ల పటమునకు స్థానము దొరికెను. ఫ్రాన్సులో సాంకేతిక పాఠశాలల పిల్లలే దీనిని నేర్చుకొనుచు వచ్చిరి. మన పాలిటెక్నిక్కులలో గూడ నిచ్చెనతోపాటు దీనికి మరికొంత చోటు ఇచ్చిన బాగుండును.

భారతదేశమున ఈ శాస్త్రము వేళ్లూనినది ముఖ్యముగా బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో. అచ్చటి ఎన్. విశ్వనాథం, వై. నరహరి 1985లో, పలువిధముల వస్తువులను మార్చిమార్చి తయారుచేయు యంత్రాలయములకు పెట్రీ జాలకములను ఎట్లు కట్టవలెనో, చిన్న జాలకములను అతికి పెద్దదానిని ఎట్లు నిర్మించవలెనో ఒక వ్యాసమున చూపిరి. 1992లో వారు వ్రాసిన గ్రంథము అనేక దేశములలో పాఠ్యగ్రంథమైనది.

జాలకము గీయుటవలన ఏమి లాభమో, గీయకపోవుటవలన ఏమి నష్టమో తెలియజెప్పు ఘటన ఇటలీలో 1976 జూలై 10న జరిగినది. సెవెసో అను ఊరి సమీపమున ట్రైక్లోరోఫినాల్ తయారుచేయు రియాక్టరు ఒకటి ఉండెను. చర్య ముగిసిన పిదప అందలి సాల్వెంటులో సగమును ఆవిరిచేసి తీసివేయవలెనని విధానము. ఆనాడు శనివారము, వారాంతమున కర్మాగారము ఆపవలసియుండెను. సాల్వెంటులో నూటికి సుమారు 15 వంతులు మాత్రమే పోయియుండగా తెల్లవారుజామున బ్యాచిని నడుమ ఆపిరి. ఆవిరిని కట్టివేసిరి, కలియబెట్టు యంత్రమును గూడ నిలిపిరి. ద్రవపు ఉష్ణోగ్రత అప్పుడు సుమారు 158 డిగ్రీలు. అది చర్య చెలరేగు ఉష్ణోగ్రత కాదు. కాని ఇతర విభాగములు ఆగిపోవుటచే ఆవిరి మామూలుకంటె మిక్కిలి వేడెక్కియుండెను. రియాక్టరు గోడలో ద్రవమునకు పైనున్న భాగము దానితో కాగియుండెను. కలియబెట్టుట లేనందున ఆ వేడి ద్రవపు పైపొరను మాత్రమే తాకెను. మధ్యాహ్నము 12 గంటలు దాటిన కొంతసేపటికి రక్షణబిళ్ల పగిలి, డయాక్సిన్‌తో కూడిన మేఘము ఊళ్లమీద పడెను. 700 మందికి పైగా ప్రజలు ఇండ్లు విడువవలసి వచ్చెను.

ఈ ఘటనను జాలకపు కన్నుతో చూడుడు. విధానపత్రములో "సాల్వెంటు తీయుచున్నది" అను స్థానము ఉన్నది. దానినుండి "తీయుట ముగిసినది" అను స్థానమునకు ఒకే బాణము ఉన్నది. "సగములో ఆగినది" అను స్థానము లేదు. ఉండియున్నచో, అచ్చటినుండి ఏమి చేయవలెనని ఎవరైనను అడిగియుందురు. ప్రమాదస్థితి ఆకాశమునుండి ఊడిపడలేదు. ఎవరును గీయని వృత్తములో బిళ్ల పడినది. 1995లో అమెరికా ఉపకరణ సంఘము బ్యాచి ప్రక్రియలకు వెలువరించిన ప్రమాణములో, నడచుచున్నది, ముగిసినది అను స్థితులతోపాటు, పట్టి నిలుపుచున్నది, నిలిచియున్నది, మరల మొదలగుచున్నది, విడిచిపెట్టబడినది అనువాటికి గూడ పేర్లు ఇచ్చిరి. ఆగుట గూడ ఒక స్థితియే అని ఒప్పుకొనుట చిన్న సంగతిగా కనబడును గాని, చిన్నది కాదు.

పరవాడ ఈ విషయములకు దూరమైనది కాదు. 2020 జూన్ చివర ఫార్మాసిటీలోని ఒక కర్మాగారమున హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడి ఇద్దరు మరణించిరి. అంతకు రెండు నెలలు తిరుగకముందే, మే 7న, విశాఖ అంచున ఉన్న వెంకటాపురములో స్టైరీన్ ఆవిరులు ఊరిమీదికి వచ్చి పన్నెండు మంది ప్రాణములు తీసినవి. జాలకము గీచినచో ఇట్టివన్నియు తప్పునని చెప్పుట సత్యము కాదు. జాలకము గీచినదానిని గురించియే నిరూపించును. "వాల్వు మూసియున్నది" అని బిళ్ల చెప్పుచుండగా నిజమైన వాల్వు తుప్పుపట్టి సందు విడిచియుండవచ్చును. ఉష్ణమాపకము తొట్టి అడుగున ఉండి పైపొర సంగతి చెప్పలేకపోవచ్చును. అందుచేత అనుభవజ్ఞులు వాల్వునకు మూసియున్నది, తెరచియున్నది అను రెండు స్థానములే గాక, "మూయుమని చెప్పితిమి, మూసికొన్న కబురు ఇంకను రాలేదు" అను మూడవ స్థానమును గీయుదురు. కొన్ని క్షణములలో కబురు రాకున్నచో బిళ్ల వేరుదారి పట్టును.

ఇట్టి ఆలోచన విద్యుత్కేంద్రములో గూడ అవసరమే. నడచునప్పుడు "ఎంత?" అన్న ప్రశ్నతో నడుచు బాయిలరు, వెలిగించునప్పుడును ఆర్పునప్పుడును పూర్తిగా సంఘటనల యంత్రమే. కొలిమిలో కాలని చమురు ఆవిరులు గాని, బొగ్గుపొడి గాని మిగిలియుండగా నిప్పు పెట్టినచో కొలిమి ప్రేలును. అందుచేత పెద్ద బొగ్గు బాయిలర్లలో ముందు గాలితో ప్రక్షాళనము చేయుదురు. చమురు వాల్వులన్నియు మూసియుండవలెను. బొగ్గు మరలు ఆగియుండవలెను. గాలి పంకాలు తిరుగుచుండవలెను. పూర్తి గాలిలో సుమారు మూడవవంతు కొలిమిగుండ పోవుచుండవలెను. కొలిమిలో ఎచ్చటను మంట కనబడరాదు. ఇన్ని స్థానములలో బిళ్లలు ఉన్నప్పుడే అయిదు నిమిషముల లెక్క మొదలగును. నాలుగు నిమిషముల యాభై క్షణములు గడచిన పిదప ఒక్క వాల్వు తెరచుకొన్నట్లు సంకేతము వచ్చినను, ఆ లెక్కంతయు పోయి బిళ్ల మొదటి స్థానమునకు తిరిగి వచ్చును. నడుమ ఎప్పుడైన మంట ఆరినను అంతే. ఎన్ని లక్షల ఇండ్లు కరెంటు కొరకు ఎదురుచూచుచున్నను, ప్రక్షాళనము మరల మొదటినుండియే జరుగవలెను, మరల అయిదు నిమిషములు.